మహారాజుకు ఒక్కటే చుక్క

నల్లకొండూరును ఏలే చంద్రచూడ మహారాజుకు ఒకనాటి రాత్రి మేడ మీద భోంచేస్తూ, తన చూపు ఎంత గొప్పదో చెప్పుకోవాలనిపించింది.

"సప్తర్షుల్లో ఆ వసిష్ఠుణ్ణి చూడు! మల్లెపువ్వులా తెల్లగా, ఒక్కడే ఎలా మెరుస్తున్నాడో!" అన్నాడు రాణితో.

"ఒక్కడేమిటండీ? పక్కనే చిన్న చుక్క, అరుంధతి ఉందిగా!"

రాజుకు కనిపించలేదు. ఆ మాట ఒప్పుకోవడం రాజులకు అలవాటు లేదు. ఆస్థాన సిద్ధాంతి మార్తాండశర్మను పిలిపించాడు.

"ఒక్కటే, మహారాజా! రెండు కనిపిస్తే అది కంటి జబ్బు," అన్నాడు సిద్ధాంతి, తల పైకెత్తకుండానే.

రాణిగారి కళ్ళ జోలికి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని వైద్యం ఊరికి మొదలైంది. రెండు చుక్కలన్న ప్రతివాడి కంట్లోనూ మిరియాల కలికం!

మూడు రోజుల్లో ఊరందరి కళ్ళూ చింతనిప్పులయ్యాయి. ఆ కళ్ళకు తెల్లని చుక్క ఎర్రగా కనిపించింది.

"వసిష్ఠుడు ఎర్రబడ్డాడు. యుద్ధం తప్పదు!" అన్నాడు సిద్ధాంతి.

సైన్యం బయల్దేరింది. కన్నీళ్ళలో దారి కానక, శత్రువుల కోట అనుకుని రాజుగారి అరటితోటను ముట్టడించింది. గెలిచింది కూడా.

నాలుగో రోజు సభలో, రాజుకు తాంబూలం అందించే కోనప్పకు కబురొచ్చింది. అతని ఎనిమిదేళ్ళ కూతురు ముద్దులమ్మ వీధిలో నిలబడి "రెండు" అందట. మధ్యాహ్నం కలికం. వైద్యుడు అప్పటికే డబ్బా పట్టుకుని సభ గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

ఆకులకు సున్నం రాస్తున్న కోనప్ప చెయ్యి ఆగిపోయింది.

"సిద్ధాంతిగారూ, మహారాజుగారి పెళ్ళి చేయించింది తమరేగా?"

"నేనే! ఆ వైభవం నీకేం తెలుసురా?"

"వధూవరులకు అరుంధతిని చూపించారా?"

"చూపించకుండా పెళ్ళెలా పూర్తవుతుంది?"

"అదేనండీ నా భయం. అక్కడున్నది వసిష్ఠుడొక్కడే అంటిరి. మరి ఆవేళ ఎవరిని చూపించారు?"

సిద్ధాంతి పైపంచె సర్దుకున్నాడు.

రాణి లేచి నిలబడింది. "అయితే నా పెళ్ళి సగంలోనే ఆగిపోయిందన్నమాట! పదహారేళ్ళుగా ఎవరి ఇంట్లో ఉంటున్నాను నేను? పల్లకీ తెప్పించండి, మా నాన్నగారింటికి వెళ్ళిపోతాను."

"ఆగు, ఆగు!" రాజు కిరీటం చెవి మీదికి జారింది. "సిద్ధాంతీ! నాకు పెళ్ళయిందా, కాలేదా?"

"అయింది మహాప్రభో! అరుంధతి ఉంది! నా ఈ రెండు కళ్ళతో చూశాను, రెండు చుక్కలున్నాయి!"

కోనప్ప గుమ్మం వైపు తిరిగాడు.

"వైద్యులుగారూ, ఇంకో రోగి దొరికారు!"

సిద్ధాంతి పైపంచె వదిలేసి పరుగు తీశాడు. వైద్యుడు డబ్బాతో వెంటపడ్డాడు. రాణి పకపకా నవ్వి కూర్చుంది. రాజు ఊపిరి పీల్చుకుని తనూ నవ్వాడు.

"నిజం చెప్పు కోనప్పా, అక్కడ ఉన్నది ఇద్దరేనా?"

"దగ్గరికెళ్ళి చూసొచ్చినవాళ్ళెవరు ప్రభూ? పెద్ద సంసారమే కావచ్చు."

"భేష్! ఏం కావాలో కోరుకో."

"ఆ కలికం డబ్బా ఇప్పించండి. మూతతో సహా."

రాజు డబ్బా తెప్పించి, దానితోపాటు తన మెడలోని ముత్యాల హారం తీశాడు. కోనప్ప మూత గట్టిగా బిగించి, డబ్బా మొలలో దోపుకున్నాకే హారం కోసం చెయ్యి చాచాడు.