బుగ్గన బెల్లం ముక్క

చెరకుతోట గట్టున చింతతోపులో ఒక కోతిగుంపు కాపురముండేది. గానుగ ఆడినన్నాళ్ళూ వాటికి పండగే. చెరకు కొట్టడం అయిపోగానే మాత్రం గుంపంతా కొండెక్కాల్సిందే. అక్కడ దొరికేవి గట్టి కాయలూ, గింజలూ.

ఆ గుంపులో చుక్కి అనే కోతికి తొలిచూలు బిడ్డ. పేరు బుడంకాయ్. పొద్దుగూకితే చాలు, వాడు ఏడుపు లంకించుకునేవాడు. ఎత్తుకున్నా పడుకోడు, ఊపినా పడుకోడు. నిద్రలేక చుక్కి కళ్ళు గుంటలు పడ్డాయి.

ఒక సాయంత్రం తోటలోంచి నక్క వచ్చి చెట్టు కింద చేరింది.

"ఏమ్మా కోడలా, నీ బిడ్డ ఏడుపు తోట అవతలికి వినిపిస్తోంది!"

"ఏం చెయ్యను మావయ్యా? ఎంతకీ పడుకోడు."

"ఈ మాత్రానికేనా? బెల్లం వండే పాకలోంచి ఓ ముక్క పట్టుకొచ్చి వాడి బుగ్గన పెట్టు. చప్పరిస్తూ చప్పరిస్తూ వాడే పడుకుంటాడు. ఆ చేత్తోనే నాకూ ఓ ముక్క పడెయ్యి. బెల్లం దాచే అటక నేనెక్కలేను."

చుక్కి అలాగే చేసింది. బుడంకాయ్ కిక్కురుమనకుండా తెల్లారేదాకా పడుకున్నాడు. ఆ తల్లికి ప్రాణం లేచొచ్చింది. అప్పట్నుంచీ రోజూ రెండు ముక్కలు తెచ్చేది. ఒకటి బిడ్డ బుగ్గలోకి, ఒకటి నక్క నోట్లోకి.

చెరకు కొట్టడం చివరికొచ్చింది. ఒక ఉదయం గుంపులో పెద్దదైన మామ్మకోతి బుడంకాయ్‌కి పేలు చూస్తూ ఓ చెరకు ముక్క అందించింది. వాడు కొరకబోయి కెవ్వుమన్నాడు. మామ్మ వాడి పైపెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళ దగ్గర పళ్ళ మీద సున్నం పూసినట్టు తెల్లటి చారలున్నాయి. ముందరి రెండు పళ్ళు గోధుమరంగు తిరిగి గుల్లబారాయి.

"చుక్కీ, వీడి నోట్లో ఏం పెడుతున్నావే?"

చుక్కి ఉన్నదున్నట్టు చెప్పింది. కింద ఎండలో పడుకున్న నక్క తలెత్తింది.

"పాలపళ్ళకి ఇంత గోలెందుకు? రేపో మాపో ఊడేవేగా!"

"ఊడేదాకా వీడు దేంతో నములుతాడయ్యా?" అంది మామ్మ. "వీటి వెనకే పెద్దపళ్ళు రావాలి. రాత్రంతా తీపి నానితే పళ్ళు పుచ్చక ఏమవుతాయి? కొండమీద ఈ బిడ్డ ఏం తిని బతకాలి?"

 చుక్కి బిడ్డను గుండెకు అదుముకుని నక్కకేసి చూసింది. ఇన్నాళ్ళూ చెరకుతోటలో తిరిగే ఆ నక్క ఒక్కనాడూ చెరకు కొరకడం తను చూడలేదు! అనుమానం వచ్చింది. గబగబా పాకలోకి దూరి పెద్ద బెల్లం ముద్ద తెచ్చింది.

"మావయ్యా, ఇవాళ పెద్ద ముద్ద. నోరు బాగా తెరువు, పైనుంచే వేస్తాను."

నక్క ఆశకొద్దీ నోరంతా తెరిచింది. కోతులన్నీ కొమ్మలమీంచి తొంగిచూశాయి. లోపల పుచ్చిన నల్లటి మోళ్ళు తప్ప పన్నన్నది లేదు.

"నీ పళ్ళేవి మావయ్యా?"

నక్క టక్కున నోరు మూసింది. "అదీ... వయసు మీదపడింది కదమ్మా."

"వయసా? నీ తాతకంటే పెద్దదాన్ని నేను," అంటూ మామ్మ తన గట్టి పళ్ళు చూపించింది. "చెరకు కొరకలేక బెల్లం కోసం పసివాణ్ణి అడ్డంపెట్టుకున్నావన్నమాట!"

చుక్కి ఆ ముద్దను కాలవలోకి విసిరేసింది. కోతులన్నీ ఘొల్లున నవ్వాయి. నక్క తోక ముడుచుకుని చెరకు మోళ్ళలోంచి జారుకుంది.

ఆ సాయంత్రం చుక్కి బిడ్డకు కడుపునిండా పాలిచ్చింది. వేళ్ళు కాలవనీళ్ళలో ముంచి ఒక్కో పన్నూ తుడిచింది. బెల్లం కోసం వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఒళ్ళు నిమురుతూ కూర్చుందే గానీ చుక్కి పాకవైపు కదల్లేదు. కొన్నాళ్ళకు వాడు బెల్లం ఊసే మరిచాడు.

పాడైన రెండు పళ్ళూ బాగుపడలేదు. మిగతావి మాత్రం పుచ్చకుండా నిలిచాయి. గుంపు కొండెక్కాక బుడంకాయ్ ఓ గట్టి కాయను పక్కపళ్ళ కిందికి తోసి మెల్లగా నమిలాడు. అందరూ తినేసి లేచి వెళ్ళిపోయినా, వాడి చివరి ముక్క గొంతు దిగేదాకా చుక్కి పక్కనే కూర్చుంది.

పసివాళ్ళను నిద్రపుచ్చడానికి నోట్లో తీపి పెట్టకండి. ఊడిపోయేవే కదా అని పాలపళ్ళను వదిలెయ్యకండి.