చెంచాకో ప్రశ్న

భ్రమరాంబ కూతురు సరిగ్గా మింగటం మానేసింది.

పిల్ల దవడ విరిగింది. లైబ్రరీకని చెప్పి, స్నేహితురాలి బండెక్కి డ్యాం చూడటానికి వెళ్ళింది. దారిలో బండి పడింది. హెల్మెట్ లేదు. ఆస్పత్రిలో పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి తీగలతో కట్టేశారు. ఆ సందుల్లోంచి పల్చగా ఏదైనా పోయాలి, అంతే. మాట్లాడకూడదు. ఇలాగే నీరసపడితే మళ్ళీ చేర్చుకుని ముక్కులో గొట్టం వేస్తామన్నారు.

భ్రమరాంబ మఠంలో మాతాజీకి పాత శిష్యురాలు. కొత్తగా వచ్చినవాళ్ళకి శాంతం గురించి చెప్పేది ఆమే. పిల్లని చూడటానికి మాతాజీ ఇంటికొచ్చేసరికి ఆమె వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేస్తోంది.

"మొండికేసింది మాతాజీ. మీరైనా గడ్డిపెట్టండి దానికి."

"గడ్డి తర్వాత. ఇప్పుడేం పెడుతున్నావు?"

పాలకూర, సొరకాయ ముక్కలు, గుప్పెడు పచ్చి బఠాణీలు. ఉడికించి చల్లార్చింది. కొత్తిమీరతో సహా మిక్సీలో వేసి, మూతమీద అరచేత్తో ఒక్కటిచ్చింది. మిక్సీ గోలని మించి అరిచింది.

"నాతో అబద్ధం చెప్పిందండీ! నాతో! ఎవరో పోలీసాయన ఫోన్ చేసి అమ్మాయి పేరేంటమ్మా అంటే, నాకు పేరు గుర్తు రాలేదండీ! కన్నపిల్ల పేరు! అది ఆ రోడ్డుమీదే..."

మిక్సీ ఆగింది.

"చచ్చుంటే?"

ఆ మాట హాల్లో మంచందాకా వెళ్ళింది. పిల్ల గోడవైపు తిరిగింది.

భ్రమరాంబ సూపుని సన్న జల్లెడలో వడపోసింది. తీగల్లో పీచు ఇరుక్కోకూడదు. ఉప్పు, చిటికెడు మిరియాలపొడి, కాస్త వెన్న వేసింది. పచ్చగా, నున్నగా ఉంది. గిన్నె పట్టుకుని మంచం పక్కన నిలబడింది. కూర్చోలేదు.

"ఇటు తిరుగు. ఎందుకెళ్ళావే?" ఒక చెంచా. "నేను వద్దంటాననేగా?" ఇంకో చెంచా. "చెప్పవే! హెల్మెట్ పెట్టుకోడానికేం రోగం?" ఇంకోటి.

పిల్ల కళ్ళు మూసుకుంది. సూపు పెదవి చివరనుంచి కారి తువ్వాలు మీద పడింది.

"చూశారా! కావాలనే!"

పక్కన కుర్చీలోంచి మాతాజీ లేచి గిన్నె అందుకున్నారు. వంటింట్లోంచి ఇంకో చెంచా తెచ్చారు.

"భ్రమరా, కూర్చో. నోరు తెరువు."

గురువు మాట. కూర్చుంది. తెరిచింది.

"ఎందుకమ్మా అంత కోపం?" ఒక చెంచా పోశారు.

భ్రమరాంబ చెప్పబోయింది. మింగేలోపే ఇంకో చెంచా పడింది.

"అబద్ధం చెప్పిందనా? బండెక్కిందనా?" ఇంకోటి. "చెప్పవేం?" ఇంకోటి.

భ్రమరాంబ చెయ్యి అడ్డం పెట్టింది. మాతాజీ ఆ చెయ్యి పక్కకి తోసి మళ్ళీ పోశారు. సూపు గడ్డం మీంచి జాకెట్టు మీదికి కారింది.

"ఆహా, కావాలనే కదూ?"

పొలమారింది. దగ్గుతూ, కళ్ళలో నీళ్ళతో, గురువన్న సంగతే మర్చిపోయి ఆవిడ మణికట్టు పట్టేసుకుంది.

"ఉండండీ! మింగనివ్వరా మనిషిని?"

మంచం మీద, తీగల వెనకనుంచి ఒక చప్పుడు. నవ్వో ఏడుపో తెలీలేదు.

భ్రమరాంబ మణికట్టు వదిలింది.

మాతాజీ గిన్నె ఆమె ఒళ్ళో పెట్టారు. "సూపు బాగుంది," అన్నారు. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

భ్రమరాంబ మంచం మీద, పిల్ల నడుము పక్కన కూర్చుంది. కోపం పోలేదు. చెంచా నింపితే సగం గిన్నెలోనే ఒలికింది. మిగిలిన సగం పిల్ల పెదవుల మధ్య పోసింది. ఎందుకెళ్ళావన్న మాట మళ్ళీ నోటిదాకా వచ్చింది.

అడక్కుండా చెంచా గిన్నెలో పెట్టింది. పిల్ల గొంతువైపే చూస్తూ ఉండిపోయింది.

చాలాసేపటికి గుటక పడింది.