బాతుల మెడలో ఫోన్లు

కాలవ గట్టు మీద గుడారం వేసుకుని బాతులు మేపుకునే పోలయ్య కుటుంబానికి ఉన్న గర్వమల్లా ఒక్కటే, తమ తెలివి. పోలయ్య, అతని పెళ్ళాం గంగాలు, తమ్ముడు మావుళ్ళు. ముగ్గురూ ముగ్గురే! బాతు తప్పిపోతే వీళ్ళు వెతకరు. మందని చేలమ్మట తోలుతారు. మంద అరుస్తుంది, తప్పిపోయింది ఎక్కడో గడ్డిలోంచి బదులు అరుస్తుంది. అంతే, దొరికినట్టే. "చదువుకున్నోళ్ళకి వస్తుందంటావా ఈ ఉపాయం?" అని పోలయ్య అడుగుతాడు. "ఎక్కడొస్తుంది!" అని మిగతా ఇద్దరూ అంటారు. రోజూ ఇదే పారాయణం.

అప్పుడు మావుళ్ళు పెళ్ళాం చిట్టెమ్మ పురిటికి పుట్టింట్లో ఉంది. తొలి కాన్పు. "ఏ క్షణమైనా ఫోను చేస్తాం బాబూ, చార్జింగు మాత్రం అయిపోనివ్వకు" అని అత్తగారు మరీ మరీ చెప్పింది. చార్జింగు అయిపోకూడదంటే ఏం చెయ్యాలి? ఫోను వాడకూడదు. మావుళ్ళు శుభ్రంగా దాన్ని ఆపేశాడు. ఇంకెవరూ ముట్టుకోకుండా దాచాడు కూడా. ఎంత భద్రంగా దాచాడంటే, తెల్లారేసరికి ఎక్కడ పెట్టాడో తనకే తెలీలేదు. ఇంటిల్లిపాదికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే. అత్తగారి నంబరూ అందులోనే.

ఇంకేముంది, మావుళ్ళుకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. "నా చిట్టెమ్మ ఎలా ఉందో, పుట్టింది ఆడో మగో, ఏదీ తెలీకుండా ఎలాగన్నయ్యా!" అని బావురుమన్నాడు. ఏడుస్తూనే, ఫోను అమ్మిన ఇస్మాయిలు కొట్టుకి పరిగెత్తాడు.

"ఆపేసుంటే ఏం పర్లేదయ్యా" అన్నాడు ఇస్మాయిలు. "ఈ రకం ఫోను ఆపేసినా లోపల్లోపల సన్నగా పిలుస్తూనే ఉంటుంది. మన చెవికి వినపడదు. పక్కనుంచి పోయే ఫోన్లు వింటాయి. విని, ఫలానా చోటుందని నాకు చూపిస్తాయి. అమ్మినప్పుడే ఆ ఏర్పాటు చేసిచ్చాను. మీ గట్టు మీద ఏ ఫోనూ తిరగదు, అదీ చిక్కు. నాలుగు ఫోన్లు అటువైపు తిరిగేలా చూడు. నేనిక్కడ చూస్తుంటా."

మావుళ్ళు మొహం వెలిగిపోయింది. ఓస్, ఇంతేనా! అచ్చం బాతుల పద్ధతే కదా! తప్పిపోయింది పిలుస్తుంది, మంద వింటుంది. కావలసిందల్లా ఓ ఫోన్ల మంద.

పక్క చేలో ఆడవాళ్ళు వరి కోస్తున్నారు. వాళ్ళ ఫోన్లన్నీ గట్టు మీద అన్నం క్యారియర్ల పక్కన ఒక సంచిలో ఉన్నాయి. మావుళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని అడిగేసరికి కూలీల పెద్ద వరాలమ్మ కరిగిపోయింది. "పురిటి కబురు కోసమంటున్నాడు పాపం, పట్టుకెళ్ళు నాయనా. అన్నాలవేళకి తెచ్చెయ్" అంది.

సంచి భుజానేసుకుని వస్తుంటే పోలయ్య అడ్డం పడ్డాడు. "ఒరే, తిరగాల్సింది నువ్వా, ఫోన్లా?"

"ఫోన్లే అన్నయ్యా."

"మరి నువ్వు మోస్తే తిరిగేది నువ్వేగా! అవి సంచిలో హాయిగా పడుకుంటాయి."

నిజమే! ఎంత పొరపాటు జరిగిపోయేది! కానీ ఫోన్లకి కాళ్ళేవి? ముగ్గురూ మంద వైపు చూశారు. అంతే, అరటినార తెచ్చి ఒక్కో బాతు మెడలో ఒక్కో ఫోను కట్టేశారు. మంద కదిలింది. మెడలో బరువేసరికి ఒకటే గోల.

"ఆగండాగండి! ఇంత గోలలో ఫోన్లకి ఆ సన్నపిలుపు వినపడొద్దూ?" అంది గంగాలు.

"మా వదిన వదినే!" అని మావుళ్ళు పొంగిపోయాడు. మిగిలిన నారతో బాతుల ముక్కులు కట్టేశారు. తిక్క రేగిన బాతులు ఎక్కడికి పోతాయి? తిన్నగా కాలవలోకే! ముక్కులు వదిలించుకోడానికి బుడుంగుమని మునిగాయి, తలలు విదిలించాయి, మళ్ళీ మునిగాయి. తేలినప్పుడు బాతులున్నాయి, ఫోన్లు లేవు.

"ఓరి నాయనో! వరాలమ్మకి ఏం చెప్పనూ!" మావుళ్ళు గట్టు మీద కూలబడ్డాడు.

"చెప్పేదేంటి, పోదాం పదండి" అని గంగాలు సామాను సర్దబోయింది. గుడ్ల బుట్ట ఎత్తితే అడుగున ఊకలో గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే ఫోను! మావుళ్ళు దాన్ని గుండెలకి హత్తుకుని ఏడ్చాడు. ఆన్ చేశాడో లేదో, మోగింది. అత్తగారే!

"అత్తయ్యా! చెప్పండత్తయ్యా, చిట్టెమ్మ..."

"ఆగరా!" పోలయ్య తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. "పాపం ఆ ఫోన్లన్నీ నీళ్ళలో ఆగిపోయి పిలుస్తుంటాయి. ఆగిపోయినవాటి పిలుపు వినేది పక్కనుంచి పోయే ఫోనేనని ఇస్మాయిలు చెప్పలా? మిగిలింది ఇదొక్కటే. ముందు ఊళ్ళోవాళ్ళ సొమ్ము, తరవాతే మన సంబరం."

"నా బిడ్డ అన్నయ్యా!"

"నీ బిడ్డ ఎక్కడికి పోతుందిరా! అక్కడ వరాలమ్మ క్యారియర్ విప్పుతోంది చూడు."

మావుళ్ళు గుండె పీకింది. అయినా పెద్దవాడి మాట, పైగా న్యాయమైన మాట. "అత్తయ్యా, లైన్లోనే ఉండండి" అన్నాడు. "ఇది ఒక్క మునక మునిగొస్తుంది." అని కాలవలోకి విసిరేశాడు.

ముగ్గురూ ఒంగి నీళ్ళలోకి చూశారు. కాసేపు ఏమీ లేదు. తరవాత ఒక బుడగ పైకొచ్చి టప్పున పేలింది.

"అత్తయ్య చెప్పేసింది!" మావుళ్ళు ఎగిరి గంతేశాడు. "ఒక బిడ్డ! అన్నయ్యా, నాకు బిడ్డ పుట్టింది!"

ఇంకో బుడగ వచ్చింది.

"కవలలు!" అని గంగాలు మరిదికి మెటికలు విరిచింది. పోలయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

అంతలో బుడబుడమని ఒకదాని వెనక ఒకటి, గుంపులు గుంపులుగా పైకి రావడం మొదలెట్టాయి. మావుళ్ళు మొహం పాలిపోయింది. మొలలోతు నీళ్ళలోకి దూకి, రెండు చేతులూ జోడించి గావుకేక పెట్టాడు.

"చాలత్తయ్యా, చాలు! చిట్టెమ్మని ఆగమనండి!"