మస్తాన్ మాస్టారి అరచెయ్యి

కోటిలింగానికి కోపమొస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఆ పొద్దున క్లబ్బు బోర్డు మీద పేర్లు చూసేసరికి రెండు చెవులూ పండుమిరపకాయల్లా అయిపోయాయి.

పోటీ ఇంకా పది రోజులుంది. నలభై దాటినవాళ్ల పోటీ. నలుగురు తెడ్లు వేసే బోటు, ఆడా మగా కలిసి వెయ్యొచ్చు. మూడో సీటు దగ్గర హైమావతి అని రాసి ఉంది. కోటిలింగం పేరు అన్నిటికంటే కింద, 'అదనం' అన్న మాట పక్కన ఉంది.

మా బోటు క్లబ్బు విజయవాడలో, బ్యారేజీకి పైన, కృష్ణ ఒడ్డున ఉంది. ఈత తప్ప ఇంకేమీ రాకపోయినా చేర్చుకుంటారు. కొత్తవాళ్ల బ్యాచీ, మధ్య బ్యాచీ, పోటీ బ్యాచీ అని మూడున్నాయి. మూడింటికీ గురువు ఒక్కరే, మస్తాన్ వలీ మాస్టారు. పటాలంలో ఇరవై రెండేళ్లు తెడ్డు వేసిన మనిషి. ఇప్పుడు అరవై తొమ్మిది. మాట ఖర్చు పెట్టాలంటే ఆయనకి ప్రాణం మీదికొస్తుంది.

కోటిలింగానికి ఆటోనగర్లో లారీలకి బాడీలు కట్టే షెడ్డుంది. రెండేళ్ల కిందట డాక్టరు గుండె మాటెత్తితే భయపడి వచ్చాడు. అప్పుడు నూట ఎనిమిది కిలోలు. మొదటి రోజు బోటెక్కుతూనే బోర్లా నీళ్లలో పడ్డాడు. ఎవడో ఫోన్లో తీసి షెడ్డు పనివాళ్లకి పంపించాడు. వాళ్లు వారం రోజులు నవ్వుకున్నారట. ఆ నవ్వు అతనికి ముల్లులా దిగింది. ఆ తర్వాత ఒక్కరోజు నాగా పెట్టలేదు. వాన పడ్డా వచ్చాడు, జ్వరమొచ్చినా వచ్చాడు. ఇరవై మూడు కిలోలు తగ్గి పోటీ బ్యాచీ దాకా ఎక్కాడు. ఈ పోటీ రోజున షెడ్డుకి సెలవిచ్చి, ఆ నవ్వినవాళ్లందరినీ ఒడ్డుకి రమ్మని పిలిచేసుకున్నాడు కూడా.

అదీ సంగతి. చెవులు ఎర్రబడవా మరి!

"మాస్టారూ, ఇదేం న్యాయమండీ? రోయింగు మిషను మీద రెండు వేల మీటర్లకి నాది ఏడు నిమిషాల పది సెకన్లు. హైమక్కది తొమ్మిది దాటుద్ది. నా సీటు ఆవిడకిస్తారా?"

హైమావతి మా ఎదురుగానే ఉంది. యాభై రెండేళ్లు, సన్నటి మనిషి, సత్యనారాయణపురంలో జాకెట్లు కుడుతుంది. పాపం, ఆవిడ తలొంచుకుంది.

మాస్టారు ప్యాంటు పైకి మడుచుకుంటూ, "మిషను నేల మీదుంది కదా" అన్నారు.

"అంటే?"

మాస్టారు మెట్లు దిగి, నడుం లోతు నీళ్లలో నిలబడ్డారు.

ఇది రోజూ జరిగేదే. బయల్దేరే ముందు బోటు వెనక కొసకి అరచెయ్యి ఆనించి, మాస్టారు కళ్లు మూసుకుంటారు. కొస వైపే మొహం పెట్టి కూచునే మేం తెడ్లు నీళ్ల మీద వాల్చి పెట్టి, చక్రాల సీట్ల మీద మోకాళ్లు ముడుచుకుంటూ ఆయన వైపు జారాలి, మళ్లీ వెనక్కి రావాలి. అట్టా పదిసార్లు. ఆ తర్వాతే ఆయన బోటుని తోస్తారు. ఆయన దువా చేస్తున్నారని మేమందరం అనుకునేవాళ్లం. కొత్తలో నేను భక్తి పొంగుకొచ్చి, సరిగ్గా ఆ చోట పసుపూ కుంకుమా కూడా పెట్టాను. మాస్టారు చూసి రెండు దోసిళ్లు నీళ్లు పోసి కడిగేశారు.

ఆ రోజు మాత్రం ఆయన చెయ్యి ఆనించలేదు. "కోటీ, దిగు. నా చోట నిలబడు. మీరు నలుగురూ ఎక్కండి" అన్నారు.

ఎక్కాం. నాది రెండో సీటు. నా ముందు, మూడో దాంట్లో, హైమావతి కూచుంది. కోటిలింగం నీళ్లలో దిగి, కొసకి చెయ్యి పెట్టాడు. మాస్టారు చెప్పాక కళ్లు మూసుకున్నాడు. మేం పదిసార్లు జారాం.

"ఏం తెలిసింది?"

"ఏం లేదండీ. నీళ్లు కొంచెం కదిలినట్టుంది, అంతే."

"సరే. నువ్వు ఎక్కు. హైమమ్మా, నువ్వు వచ్చి పట్టుకో."

ఇద్దరూ చోట్లు మారారు. కోటిలింగం సీటులో కూచుని, కాళ్లు ఆనించే పలక మీద పాదాలు బిగించాడు. ఇప్పుడు చూడండి నా తడాఖా అన్నట్టు భుజాలు విదిలించాడు. పదిసార్లు జారాడు. జారినప్పుడల్లా సీటు గరగరమని వచ్చి, పలక దగ్గర ధన్‌మని ఆగింది. నా వెన్ను కూడా అదిరింది. ఇన్నాళ్లూ అది బలమనే అనుకున్నాను నేను.

పది అయ్యాయి. కోటిలింగం రొప్పుతూ, "ఏం తెలిసిందక్కా?" అని అడిగాడు.

హైమావతి చెయ్యి చప్పున వెనక్కి పెట్టుకుంది.

"ఏం లేదు తమ్ముడూ. నాకేం నొప్పి పుట్టలేదులే."

నొప్పి సంగతి ఎవరూ అడగలేదు.

కోటిలింగం ఆవిడ మొహంలోకి చూశాడు. దిగి, నీళ్లలో నడుచుకుంటూ ఆవిడ దగ్గరికి వెళ్లి, "చెయ్యి చూపించక్కా" అన్నాడు. ఆవిడ చూపించలేదు. అతను రెండోసారి అడగలేదు.

మాస్టారి వైపు తిరిగి, "మరి పోటీ రోజు నేనేం చెయ్యను మాస్టారూ?" అన్నాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

"జెండా ఊపేదాకా బోటు కొస పట్టుకునే మనిషి కావాలి" అన్నారు మాస్టారు.

నిజం చెప్పొద్దూ, నేనైతే ఆ రోజే చొక్కా దులుపుకుని ఇంటికెళ్లేదాన్ని. మనిషి ఇక రాడనే అనుకున్నాం. పోటీ రోజు మేం వెళ్లేసరికి, ఆరంభం దగ్గర నీళ్ల మీద తేలే తెప్ప ఎక్కి, అప్పటికే బోర్లా పడుకుని ఉన్నాడు. రెండు చేతులూ నీళ్ల మీదికి చాపి, మా బోటు కొస కోసం చూస్తున్నాడు.

గట్టు మీద షెడ్డు మనుషులు పన్నెండుమంది, డప్పుతో సహా దిగారు. "ఓనరేడిరా? ఏ బోటు?" అని ఒకడు. "అదిగో, బోర్లా పడుకున్నాడే, ఆయనే" అని ఇంకొకడు. "మళ్లీ బోర్లానేనా!" అని గొల్లున నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. కోటిలింగం తలెత్తలేదు. కళ్లు మూసుకుని కొస పట్టుకునే ఉన్నాడు. ఈల వేసి జెండా ఊపారు. వదిలేశాడు.

మాకు మూడో స్థానం వచ్చింది. ఒడ్డుకొచ్చేసరికి కోటిలింగం మాస్టారి ముందు నిలబడి ఉన్నాడు.

"రేపటి నుంచి కొత్తవాళ్ల బ్యాచీలోకి వస్తానండీ. మొదట్నుంచి."

"ఐదున్నరకి" అన్నారు మాస్టారు.

వచ్చాడు. నిన్నగాక మొన్న చేరిన వాళ్ల మధ్య కూచుని, బోటుని వెనక్కి తన్నకుండా ఉత్తినే జారడం నేర్చుకున్నాడు. ఇద్దరు కాలేజీ లెక్చరర్లు, ఒక పూల కొట్టావిడ ఉండేవాళ్లు ఆ బ్యాచీలో. పూలావిడ పాపం, "అన్నా, నీక్కూడా ఇప్పుడేనా మొదలు?" అని అడిగితే, "ఇప్పుడేనమ్మా" అన్నాడు. రోజూ చివర్లో మాస్టారు కొసకి చెయ్యి ఆనించేవాళ్లు.

"ఆ కుదుపు ఇంకా ఉందాండీ?"

"ఇంకా ఉంది."

నెల అయింది, రెండయ్యాయి. ఇంకా ఉంది. ఒకరోజు విసిగిపోయి పిడికిలితో తన తొడ మీద తనే గుద్దుకున్నాడు. నేను చూశాను. మర్నాడు ఐదుంబావుకే వచ్చి కూచున్నాడు.

ఒక సాయంత్రం హైమావతి కొట్టుకి కూడా వెళ్లాడట. "నువ్వెట్టా జారతావక్కా?" అని అడిగితే, ఆవిడ కుట్టుమిషను తొక్కుతూనే, "నాకేం తెలుసు తమ్ముడూ! సూది ఆగాల్సిన చోటు ముందే చూసుకుంటా, అక్కడికొచ్చేసరికి కాలు దానంతటదే నెమ్మదిస్తుంది" అందిట. కోటిలింగం గంటసేపు ఆవిడ పాదం వంకే చూస్తూ కూచున్నాడట. జాకెట్లు తీసుకెళ్లడానికి వచ్చిన ఆడవాళ్లు ఏమనుకున్నారో దేవుడికెరుక.

నాలుగో నెల వెళ్లి ఐదో నెల వచ్చింది. ఇంకో పోటీ దగ్గరపడింది. బోర్డు మీద మూడో సీటు దగ్గర మాస్టారు ఏ పేరూ రాయలేదు. ఖాళీగా వదిలారు. హైమావతిని ఒకటో సీటుకి మార్చారు.

ఆ పొద్దున ఏటి మీద మంచు బాగా ఉంది. కోటిలింగం ఎక్కి నా ముందు కూచున్నాడు. పలక మీద పాదాలు పెట్టుకున్నాడు, బిగించలేదు. మాస్టారు నీళ్లలో దిగి, కొసకి అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నారు. మేం జారాం. ఒకటి, రెండు, మూడు. నేను లోపల్లోపల దేవుళ్లందరికీ మొక్కుతున్నాను. పదీ అయ్యాయి.

మాస్టారు కళ్లు తెరవలేదు. చెయ్యి తియ్యలేదు.

"ఏమ్మా, మూడో సీటులో మనిషి ఎక్కకుండానే బయల్దేరుతున్నారా?" అన్నారు.

నా ఎదురుగా కోటిలింగం చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

మాస్టారు బోటుని తోశారు.