నీలవేణి ఇష్టం

“మీకు నచ్చిన రెండు సబ్జెక్టులు కలిపి చదువుకోండి. కుదరదు అనే మాట మా కాలేజీలో వినపడదు!”

మధ్యలో చదువు ఆపేసిన ఆడవాళ్ళ కోసం పెట్టిన సభలో ప్రిన్సిపాల్ జగన్నాథరావు గారు మైకులో అన్న మాట ఇది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో బొబ్బిలి నీలవేణి ఒకతె. ఎవరేమడిగినా “మీ ఇష్టం” అనడం తప్ప తన ఇష్టం చెప్పడం ఎరగని మనిషి ఆమె. బి.ఏ. రెండో ఏట పెళ్ళయి చదువు ఆగిపోయింది. ఇప్పుడు కూతురు ఇంటర్‌లో చేరాక, మళ్ళీ మొదటి ఏడాది నుంచి చదవడానికి వచ్చింది.

“ఏ సబ్జెక్టులు రాయమంటారమ్మా?” అని గుమాస్తా అడిగాడు.

“మీ ఇష్టమండీ.”

“చదివేది నేనా?” అని నవ్వి, ఎవరూ చేరని ఎకనామిక్సులో, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఆమె పేరు రాసేశాడు.

రెండు వారాలు గడిచాయి. నీలవేణి పుస్తకం తెరిచేది, మూసేది. పక్క గదిలో సంగీతం క్లాసు మొదలైతే ఆమె చెవులు అటే పోయేవి.

ఒక సాయంత్రం అత్తగారు వరహాలమ్మ నాట్ల పాట కూనిరాగం తీస్తూ గోంగూర ఒలుస్తోంది. కోడలి కళ్ళు తడిగా ఉండటం చూసి పాట ఆపింది.

“ఆ చదువు నీకిష్టమేనా?”

“వాళ్ళ ఇష్టం అత్తయ్యా.”

“ఓలమ్మా! కూరేం వండాలన్నా మీ ఇష్టం, చీరేది కావాలన్నా మీ ఇష్టం. నీకు వంకాయ పడదని నాకు మొన్ననే తెలిసింది. ఇన్నేళ్ళూ నోరెత్తకుండా తినేశావు కదే! ఇప్పుడైనా చెప్పు. నీకేం కావాలి?”

నీలవేణి అత్తగారి పక్కన కూర్చుని ఒక గోంగూర కట్ట అందుకుంది. తర్వాత మెల్లగా అంది.

“మీ నాట్ల పాటలు ఏ కాలంలో పుట్టాయో తెలుసుకోవాలనుంది. ఆ వరస ఏ రాగమో కూడా. చరిత్ర, సంగీతం కావాలి అత్తయ్యా.”

“నా పాటలా?” అంది వరహాలమ్మ. కొంగుతో కళ్ళొత్తుకుని, “పొద్దున్నే వెళ్ళి అడుగు,” అంది.

సబ్జెక్టులు మార్చుకోవడానికి ఆగస్టు ఇరవై ఒకటి ఆఖరు. అది దాటితే మూడేళ్ళూ అవే చదవాలి. నీలవేణి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

“చరిత్రా, సంగీతమా? రెండు క్లాసులూ ఒకే గంటలో ఉన్నాయమ్మా. కుదరదు.”

“ఆ మాట ఇక్కడ వినపడదన్నారు కదా సార్?”

“అది సభలో అన్న మాటమ్మా.”

“నేను సభలోనే విన్నాను సార్.”

మైకులో అంత గట్టిగా పలికిన మాట ఆ చిన్న గదిలోకి వచ్చేసరికి నీరసించిపోయింది. ప్రిన్సిపాల్ గారికి కోపం వచ్చింది.

“మరి చేరిన రోజు మీ ఇష్టం అన్నారట కదా!”

నీలవేణి తల దించుకుంది.

“అన్నాను సార్. తప్పు నాదే. రెండు వారాలు పోగొట్టుకున్నాను. కానీ గంట మార్చడం మీ చేతిలో పని. చదువు మీరు పెట్టే ప్రసాదం కాదు, నా హక్కు.”

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. ప్రిన్సిపాల్ గారు కాసేపు టేబుల్ మీది కాగితాలు సర్దారు.

“సరే, ఆలోచిస్తాను. ఎప్పటికి చెప్పమంటారు?”

“మీ...” అని పాత అలవాటు నాలుక చివరికి వచ్చింది. నీలవేణి దాన్ని మింగేసి తలెత్తింది.

“ఆగస్టు ఇరవై. సాయంత్రం కాలేజీ మూసేలోపల.”

తన ఇష్టాన్ని తాను చెప్పుకోని మనిషికి ఇతరులు వదిలేసిందే దక్కుతుంది. నోరు తెరిచి అడిగిన మనిషికి మాత్రం, మాట ఇచ్చినవాళ్ళు జవాబు చెప్పి తీరాలి, ఆగస్టు ఇరవై లోగా.