భట్టాచార్యగారి విస్తట్లో మసూరుపప్పు

పేరయ్యశాస్త్రిగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. అది తెలిసీ శిష్యుడు బుచ్చినారాయణ అడగనే అడిగాడు.

"గురువుగారూ, ఏది తింటే ధర్మం, ఏది తింటే అధర్మం? శాస్త్రం ఏమంటుంది?"

"రేపు ద్వాదశి. కాశీలో నాతో చదువుకున్న తారాపద భట్టాచార్య వస్తున్నాడు. వంగదేశపు బ్రాహ్మడు. వంట నువ్వు చెయ్యి" అన్నారాయన.

బుచ్చినారాయణకు వేదం సగమే వచ్చినా మడి మాత్రం పూర్తిగా వచ్చు. వెల్లుల్లి అమ్మే వీధిలోంచి నడవాల్సివస్తే ఊపిరి బిగబట్టుకుని పరిగెత్తే రకం. ఉత్తరాదివాళ్ళు మసూరుపప్పంటే ప్రాణం పెడతారని ఎవరో చెబితే, పనిగట్టుకుని సంతకు పోయి తెచ్చి, ఇంగువ దట్టించి వండాడు.

అతిథికి డెబ్భై దాటాయి. ముందురోజంతా ఏకాదశి ఉపవాసం. విస్తట్లో పప్పు పడగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాయనా, ఇది ఆమిషం కదా!" అన్నాడు సంస్కృతంలో.

"అయ్యో, పప్పండీ!" అన్నాడు బుచ్చినారాయణ, తనకొచ్చిన నాలుగు సంస్కృతం ముక్కల్లో.

"మసూరుపప్పు. వ్రతాల్లో మాకది మాంసంతో సమానం. ఇలాంటి రోజున చేపా ముట్టం, ఇదీ ముట్టం."

"చే... చేపా? మరి మిగతా రోజుల్లో?"

"చేప లేకుండా ముద్దెలా దిగుతుంది నాయనా? మా పెళ్ళిళ్ళలో వియ్యాలవారింటికి శుభమా అని పంపేదే చేప."

గరిటె చేతిలో ఉందో జారిందో బుచ్చినారాయణకు తెలియలేదు. చేపలు తినే పెద్దమనిషి తన మడిపప్పుకు వంక పెట్టడమా! పస్తుండనీ అనుకున్నాడు.

"మంచినీళ్ళు చాలులే. లాంచీ వేళవుతోంది" అంటూ ముసలాయన గోడ పట్టుకుని లేవబోయాడు. లేచి, మళ్ళీ గోడకే ఆనుకున్నాడు.

"కూర్చోండి బాబూ, అరగంట!" అని బుచ్చినారాయణ గోదాట్లో మళ్ళీ మునిగొచ్చి, తడిబట్టతోనే పొయ్యి రాజేసి, కొత్త కుండలో అన్నమూ అరటికాయ కూరా వండాడు. ముసలాయన మారు వేయించుకుని తిని, బుచ్చినారాయణ తల నిమిరి, లాంచీ ఎక్కాడు.

బుచ్చినారాయణ గురువుగారి ముందు చతికిలబడ్డాడు.

"పప్పు మాంసమైంది, చేప మంగళమైంది. నిన్న నాకు కాస్తో కూస్తో తెలిసేది, ఇవాళ అదీ పోయింది. శాస్త్రం ఆయన వైపా, నా వైపా?"

"ఆయనకి వాళ్ళమ్మ పెట్టింది, నీకు మీ అమ్మ పెట్టింది. శాస్త్రం ఆ తరవాతొచ్చి పంక్తిలో కూర్చుంది" అన్నారు గురువుగారు.