పీటరాయి దిగని నక్క

సముద్రం ఒడ్డున కాపురం ఉండి కూడా చేపముక్క దొరక్కపోతే ఎలా ఉంటుందో పిల్లి పోలమ్మని అడగాలి. వెనక ముగ్గురు పిల్లలు ఆకలితో మ్యావుమంటున్నారు. ఎదురుగా నిండు సముద్రం. ఆ సముద్రానికీ పోలమ్మకీ మధ్యలో నక్క దాలయ్య వీపు.

ఆ వీపు సంగతి తెలియాలంటే ముందు ఆ ఒడ్డు సంగతి తెలియాలి. అది ఇసక ఒడ్డు కాదు, అంతా రాళ్లే. నీళ్ల పైన కనిపించేవి కొన్ని, కింద దాక్కున్నవి బోలెడు. వల వేస్తే చిరుగులే చేతికొస్తాయి. గేలం వేస్తే అది ఏదో ఒక సందులో ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. కానీ అక్కడ పీటరాయి అని ఒకటుంది. వాల్చిన పీటలా వెడల్పుగా ఉంటుంది. దాని మీద కూర్చుని విసిరితే గేలం తిన్నగా వెళ్లి లోతైన గుంటలో పడుతుంది. బలిసిన బొంత చేపలన్నీ ఉండేది ఆ గుంటలోనే. అందుకని జంతువులన్నీ కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. గేలం నీళ్లలో ఉన్నంతసేపూ పీటరాయి ఆ గేలం వేసినవాళ్లది. గేలం పైకొచ్చినా, తాడు తెగినా లేచి తరవాతివాళ్లకి చోటివ్వాలి.

గుంటలో మాత్రం రాళ్లు లేవా అంటే, ఉన్నాయి. అందుకే పోలమ్మ గేలానికి బరువుగా కట్టే రాయిని గోనెపీచుతో కట్టేది. గట్టిగా లాగితే పుటుక్కున తెగే పీచు. రాయి సందులో ఇరుక్కుంటే పీచు తెగి రాయి అక్కడే పోతుంది, చేప మటుకు గేలంతో సహా పైకొస్తుంది.

అది చూసి దాలయ్య పడీపడీ నవ్వాడు.

"ఏటప్పా, కుళ్లిపోయిన పీచు కడతన్నావు?"

"రాయి పోతే పోనీ తమ్ముడూ. ఒడ్డునిండా రాళ్లే గదా."

"నా వస్తువు నానొగ్గను. గులకరాయైనా సరే!"

అనడమే కాదు, పడవలు కట్టే లావుపాటి నైలాను తాడు ఎక్కడినుంచో సంపాదించాడు. ఒక కొసకి గేలమూ రాయీ కలిపి బిగించాడు. రెండో కొసని ఎవరైనా లాక్కుపోతారేమోనని తన నడుముకే మూడు ముళ్లు వేసుకున్నాడు. తన వంతు రాగానే పీటరాయెక్కి గేలం విసిరాడు.

అది పడీపడగానే ఇరుక్కుంది. లాగాడు, కదల్లేదు. కాళ్లు తన్నిపెట్టి లాగాడు, ఊహూ. ఇంకొకరైతే తిట్టుకుంటూ తాడు కోసుకునేవారు. దాలయ్య మొహం చాటంత అయింది.

"పడింది! పేద్ద సేప!"

"సేపైతే కొట్టుకోదా తమ్ముడూ?" అంది పోలమ్మ.

"సిన్న సేపలు కొట్టుకుంటాయప్పా. ఇదెంత నిమ్మళంగా ఉందో సూడు. ఎంత పెద్దది గాపోతే ఇంత నిమ్మళంగా ఉంటాది!"

పోలమ్మ పీత అడ్డయ్యని పిలిచి కిందకి పంపింది. అడ్డయ్య మునిగి, చూసి, పైకొచ్చాడు. "సేపా లేదు, గీపా లేదు. గేలం రాయి సందులో దిగబడిపోయింది" అన్నాడు.

దాలయ్య మూతి తిప్పుకున్నాడు. "సూటిగా నడవలేనోడు సూటిగా సెప్తాడా?"

జనానికి ఆ మాట తెగ నచ్చింది. ఒడ్డంతా పోగైంది. దాలయ్య కూర్చున్నచోటి నుంచే చేపని పంచడం మొదలుపెట్టాడు. తలకాయ కొంగ కామయ్యకి, ఎందుకంటే ఆ ఒడ్డుకి పెద్దమనిషి ఆయనే. తోక గాడిద నూకరాజుకి.

"గడ్డి తినేవోడివి, నీకు సేప తోకెందుకురా?" అంది పోలమ్మ.

"ఇస్తానన్నారు గదా పిన్నీ. కాదంటే బాగోదు" అన్నాడు నూకరాజు, తోక ఎక్కడ పెట్టుకోవాలా అని అప్పటికే చోటు వెతుక్కుంటూ.

పోలమ్మ కామయ్య దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంది. కామయ్య ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని, అంతా విన్నాడు.

"గేలం నీల్లలో ఉందా?"

"ఉంది బాబూ."

"తాడు తెగిందా?"

"లేదు బాబూ."

"మరింకేటి? కట్టుబాటు కట్టుబాటే" అని రెండో కాలు దించి మొదటి కాలు ఎత్తుకున్నాడు. చేప తలకాయ వండాలంటే ఎంత గిన్నె కావాలో ఆయన అప్పుడే ఆలోచిస్తున్నాడు.

రోజులు గడుస్తున్నాయి, చేప రావడం లేదు. కానీ పెరుగుతోంది. మొదట పడవంత అన్నారు. తరవాత తాడిచెట్టంత అన్నారు. ఆపైన దాలయ్యే కొత్త సంగతి కనిపెట్టాడు. పోటొచ్చి నీళ్లు పెరగడమంటే ఆ చేప ఊపిరి పీల్చడమేనట, పాటొచ్చి తగ్గడమంటే వదలడమేనట. అది విన్న నూకరాజు తన వాటా తోక ఎంత పెద్దదో తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చేపని ఆపి ఉంచుతున్న మహానుభావుడు నీరసపడకూడదని కామయ్య రోజూ రాళ్ల మధ్య మడుగుల్లోని చిట్టిచేపలు ఏరి పెట్టాడు. దాలయ్య బలిశాడు.

పోలమ్మ పిల్లలు మాత్రం చిక్కిపోయారు. ఇదివరకు ఆ మడుగుల్లో దొరికేవే వాళ్లకి ఆధారం, అవి కూడా నక్క పొట్టలోకి పోతున్నాయి. ఒకరోజు పొద్దున ఆఖరి పిల్ల లేవలేకపోయింది. తల్లి మూతి దగ్గర ముక్కు పెట్టి, పాత చేపల వాసన ఏమైనా మిగిలిందేమోనని నాకింది. పోలమ్మకి ఒళ్లు మండింది. పరుగెత్తుకెళ్లి దాలయ్య ముందు నిలబడింది.

"ఒగ్గెయ్ తమ్ముడూ! పిల్లలు సచ్చిపోతన్నారు."

"ఒగ్గేస్తే నన్నెవుడు లెక్కసేస్తాడప్పా?"

వీడికి రాయి అని చెప్పి లాభం లేదని పోలమ్మకి అప్పటికి తెలిసొచ్చింది. తిన్నగా అడ్డయ్య దగ్గరికి పోయి చెవిలో ఏదో ఊదింది. కాసేపాగి ఇద్దరూ కలిసి పీటరాయి దగ్గరికి వచ్చారు.

"తప్పయిపోయింది తమ్ముడూ. నువ్వన్నదే నిజం. అది సేపే."

దాలయ్య మీసం దువ్వుకున్నాడు. "ఇప్పటికి తెలిసిందా?"

"అడ్డయ్య దాంతో మాటాడి వొచ్చాడు."

"అలగా! ఏటంటాది? బయపడిపోతన్నాదా?"

అడ్డయ్య గొంతు సవరించుకున్నాడు. "సంబరపడిపోతన్నాది మావా. నక్కని పట్టాను, నక్కని పట్టాను అని కిందంతా టముకేసి సెప్పుకుంటన్నాది."

"ఏ నక్కని?"

"నిన్నే."

దాలయ్య మీసం మీద చెయ్యి అక్కడే ఆగింది. "గేలం గుచ్చుకుంది దానికి గదా!"

"గుచ్చుకోలేదట. పళ్లతో పట్టుకున్నానంటన్నాది. దాని వస్తువు అదొగ్గదట. ఒక కొస దాని నోట్లో ఉంది, ఒక కొస నీ నడుముకుంది. ఎవులు ఎవుల్ని పట్టినట్టో నాకేటి తెలుసు మావా, పీతని."

"మరి... మరి లాగదేటి?"

"వాటాలేసుకుంటన్నారు. నీ తలకాయ సొరసేపకి. కాళ్లు నాలుగూ రొయ్యలకి. తోక నత్తకి."

"నత్తకి నా తోకెందుకు?"

"నానూ అదే అడిగాను. ఇస్తానన్నారు, కాదంటే బాగోదంటన్నాది."

నూకరాజు అర్థమైనట్టు తలూపాడు.

"పోటెక్కగానే అందరూ తలో సెయ్యీ ఏసి లాగేస్తారట. సల్లగా ఉండు మావా" అని అడ్డయ్య పక్కవాటుగా నడిచి వెళ్లిపోయాడు.

పోటు రాక మానుతుందా! నీళ్లు పెరిగాయి. ఎక్కడిదో నాచు గుట్టలా కొట్టుకొచ్చి తాడుకి చుట్టుకుంది. అల వెనక్కి పోయినప్పుడల్లా నాచుతో పాటు తాడునీ ఈడ్చింది. తాడుతో పాటు దాలయ్య ఒక జానెడు ముందుకి జరిగాడు.

"ఓలమ్మో! లాగతన్నాది!"

ఇంకో అల ఇంకో జానెడు ఈడ్చింది. "నూకరాజూ, నన్ను పట్టుకోరా!" అని అరిచాడు.

"పట్టుకుంటే ఆ లాగుడికి అక్కడ నా తోక తెగిపోద్దేమో బాబూ" అన్నాడు నూకరాజు ఎంతో బాధగా.

దాలయ్య ముళ్లు విప్పబోయాడు. ఇన్నాళ్లూ ఉప్పునీటికి నాని అవి రాయిలా బిగుసుకుపోయాయి. ఇంక చేసేదేముంది? పోలమ్మ ఎంత బతిమాలినా వదలని తాడుని తన పళ్లతో తనే పరపరా కొరికాడు. తాడు తెగింది, ఒక పన్నూ ఊడింది. దాలయ్య పీటరాయి మీది నుంచి దూకి, పొద చాటుకి చేరేదాకా ఆగలేదు.

ఒడ్డంతా కామయ్య వైపు చూసింది. ఆయన కళ్లు తెరిచి, తలకాయ పోయిందే అని ఒక్క నిట్టూర్పు విడిచాడు.

"తాడు తెగింది. తరవాత ఎవులు?"

పోలమ్మ అప్పటికే పీటరాయి మీద ఉంది. గోనెపీచుతో రాయి కట్టింది, గేలం విసిరింది. ఎన్నాళ్లుగానో ఎర మొహం చూడని బొంత చేప గబుక్కున మింగింది. పోలమ్మ లాగేసరికి రాయి ఎక్కడో ఇరుక్కుంది. ఆవిడ చిన్నగా నవ్వుకుని ఇంకాస్త గట్టిగా లాగింది. పుటుక్కుమని పీచు తెగింది, చేప పైకొచ్చింది. వెంటనే ఆవిడ పీటరాయి దిగి తరవాతివాళ్లకి చోటిచ్చింది.

పిల్లలు ముగ్గురూ ఆవురావురుమంటూ తిన్నారు. ఆఖరిది తింటూ తింటూ చేప మీదే నిద్రపోయింది. తోక మాత్రం పోలమ్మ నూకరాజుకి పంపింది. వాడు దాన్ని ఎదురుగా పెట్టుకుని, చూసుకుంటూ గడ్డి తిన్నాడు.

పొదలోంచి దాలయ్య తొంగిచూశాడు. తెగిన తాడుముక్క ఇంకా నడుముకే ఉంది. "నానెవుల్ని! అంత పెద్ద సేప నోట్లోంచి తప్పించుకుని వొచ్చినోణ్ణి!" అని దారినపోయేవాళ్లకల్లా చెప్పుకుంటున్నాడు. మధ్యమధ్యలో ముళ్లు విప్పుకోడానికి చూస్తున్నాడు, అవి రావడం లేదు.

నీతి: వదలడం చేతకానివాడికి పట్టడమూ చేతకాదు.